మునేటి దొంగలూ, మా ఇంటి రివాల్వరూ

మొన్న ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య నా ఫోనుకి ఒక ఫోటో పంపాడు. ఎక్కడో విదేశంలో పాత వస్తువులు వేలం వేసేవాళ్ళు అమ్మకానికి పెట్టిన రివాల్వరు ఫోటో అది. నీలం మఖమలు గుడ్డ మీద పడుకోబెట్టి, పక్క నుంచి వెలుతురు పడేలా తీశారేమో, గొట్టం మీదా పిడి చుట్టూ చెక్కిన గులాబీ తీగలు ఒక్కొక్క రేకూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. తూటాలు పుట్టకముందు, మందూ గుండూ విడివిడిగా కూరి, వెనక రాగి టోపీ తొడిగి పేల్చే కాలం నాటిదనీ, ఇంత నగిషీ ఉన్నది దొరకడం చాలా అరుదనీ, సేకరించే అభిరుచి ఉన్నవాళ్ళు వదులుకోవద్దనీ కింద రాశారు. "మనదేనంటావా?" అని అన్నయ్య అడిగాడు. కాదు. మనదాని మీద గులాబీలు లేవు. ఆ మాటే రాసి పంపి ఫోను పక్కన పెట్టేశానుగానీ, గాజు తెర లోంచి ఏ వాసనా రాదని తెలిసి కూడా, కొబ్బరినూనే ఇనుమూ పాత నేత గుడ్డా కలిసిన ఒక వాసన ఆ పూటంతా నా చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఆ వాసన జగ్గయ్యపేటలో మా తాతయ్య పడకగదిలో చెక్క బీరువాది. తొంభైల్లో మేం అక్కడ ఉమ్మడిగా ఉండేవాళ్ళం. తాతయ్య సీతారామయ్య గారు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన బడిపంతులు. అయినా ఊళ్ళో ఆయన్ని లెక్కల మేష్టారని అన్నవాళ్ళు తక్కువ, తుపాకీ మేష్టారన్నవాళ్ళే ఎక్కువ. బీరువా పై అరలో, నాయనమ్మ పట్టుచీరల మీద, ఎర్ర అంచు తువ్వాలులో చుట్టి ఉండేది మా రివాల్వరు. దాన్ని మేం తాకడానికి వీల్లేదు, తాతయ్య తీసినప్పుడు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని దగ్గర నిలబడి చూడచ్చు. చూసేకొద్దీ ఇంకా చూడాలనిపించేది. ఎనిమిది పలకల పొడుగాటి గొట్టం, దాని కింద మడతపెట్టినట్టున్న చిన్న ఇనప కడ్డీ, వయసుతో తేనెరంగు తిరిగిన కర్రపిడి, నడుమ ఆరు గదులతో తిరిగే గుండ్రటి చక్రం. ఆ చక్రం చుట్టూ ఎవరో గోటితో గీసినంత సన్నగా అడవిని చెక్కారు. చెట్లు, పొదలు, వాటి మధ్య పరుగెత్తే లేడి, దాని వెనక నాలుక బయట పెట్టిన వేటకుక్క. చక్రం తిప్పుతుంటే లేడి పరుగెడుతుంది, కుక్క తరుముతుంది, చక్రం గుండ్రటిది కాబట్టి కాసేపటికి లేడే కుక్కని తరుముతున్నట్టుంటుంది. ఎవరు ఎవర్ని పట్టుకున్నారని నేను అడిగితే, "నేను తిప్పడం ఆపితే తెలుస్తుందే" అనేవాడు తాతయ్య. ఆ ఆరు గదుల మూతుల్లోనూ ఏదో నల్లటి మైనం గట్టిపడి ఉండేది. తుప్పు పట్టకుండా పూర్వం వాళ్ళు పెట్టిన మైనమనీ, దాన్ని కదిలించకూడదనీ వాళ్ళ నాన్న చెప్పాడట. ఆయన కదిలించలేదు.

వేసవిలో మా ఊళ్ళో రెండు రంగులుండేవి. ఊరికి ఒకవైపు సున్నపురాయి క్వారీల దుమ్ము, సిమెంటు లారీలు తిరిగే దారి పక్కన వేపాకులు కూడా తెల్లగా పిండి రాసుకున్నట్టుండేవి. రెండోవైపు పొలాల్లో మిరపకాయలు ఆరబోసిన కల్లాలు, గాలి అటునుంచి వీస్తే వీధి వీధంతా తుమ్ములు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ముంజలు తిన్న చేతుల జిగురు ఇంకా పోకముందే, వసారాలో తడిపిన వట్టివేళ్ళ తడక వెనక తాతయ్య పడక్కుర్చీ చుట్టూ చేరేవాళ్ళం. పైవీధి పిల్లలూ వచ్చేవారు. రివాల్వరుకి కొబ్బరినూనె రాసి, పాత పంచె ముక్కతో తుడుస్తూ ఆయన కథ మొదలుపెట్టేవాడు.

కథ ఆయన తాత కోటయ్యది. కోటయ్యకి రెండెడ్ల బండి ఉండేదట. ఒక వానాకాలం, దేశమంతా తిరిగి పటాలు గీసే దొర ఒకాయన పెనుగంచిప్రోలు దగ్గర మునేరు దాటలేక ఆగిపోతే, బండివాళ్ళంతా వద్దన్నా కోటయ్య ఒక్కడే ఎడ్లని ఏట్లోకి దించి ఆయన్నీ ఆయన పెట్టెల్నీ అవతల గట్టుకి చేర్చాడట. దొర సంతోషపడి నడుముకున్న రివాల్వరు తీసి చేతిలో పెట్టాడు. ఆ ఏడాదే నెయ్యి డబ్బాలు వేసుకుని నందిగామ వైపు వెళ్తుంటే మునేటి ఇసకలో దొంగలు బండికి అడ్డం పడ్డారు. అక్కడికి రాగానే తాతయ్య కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. "మా తాత లేచి బండి మీద నిలబడ్డాడు. ఒక్కటి. రెండు. మూడు..." అంటూ ఆరు దాకా చెప్పేవాడు, ప్రతి అంకెకీ ఒక దొంగ పారిపోయేవాడు, ఒకడి తలపాగా ఎగిరిపోయేది, ఒకడు ఏట్లో పడి ఈదేవాడు. బళ్ళో అబద్ధం చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించే మనిషి కాబట్టి ఆయన చెప్పేదాంట్లో తేడా ఉంటుందన్న అనుమానమే మాకు రాలేదు. నాయనమ్మకి మాత్రం వచ్చేది. చేట ముందేసుకుని కందిపప్పులో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండానే అనేది:

"నేను కాపరానికొచ్చినప్పుడు దొంగలు నలుగురేనండీ."

"నువ్వు సరిగ్గా విని ఉండవు."

"విన్నానండీ. నలుగురే. ఇప్పుడు పన్నెండు మందయ్యారు. మన చిన్నదాని పెళ్ళినాటికి ఊరంతా దొంగలే."

మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. తాతయ్య కూడా మీసాల్లో నవ్వుకుని, కానీ కథ ఆపకుండా, మిగిలిన దొంగల్ని కూడా తరిమేసేవాడు.

ఆ ఇంట్లో ఉన్నదాన్ని బట్టి కాబోలు, మా ఆటలన్నీ తుపాకులవే. చలి తగ్గే రోజుల్లో పెనుగంచిప్రోలు తిరునాళ్ళకి ట్రాక్టరు మీద వెళ్తే, అందరు పిల్లలూ జీళ్ళ కోసమో రంగులరాట్నం కోసమో ఏడిస్తే, మా అన్నయ్య రేకు తుపాకీ కోసం ఏడ్చేవాడు. నేను పత్తి కట్టె విరిచి నడుముకి దోపుకుని గోడ మీదెక్కి నిలబడి ఒకటి రెండు మూడు అని అరిస్తే, అన్నయ్యా పైవీధి పిల్లలూ దొంగలై పడిపోవాలి. ఆడపిల్లని కోటయ్యగా ఒప్పుకోమని వాళ్ళు గొడవ చేస్తే తాతయ్యే తీర్పు చెప్పాడు. "దాని గొంతు పెద్దది. అదే కోటయ్య." ఆ తీర్పు విన్న రోజు నేను అన్నం కూడా నిలబడే తిన్నాను.

దీపావళి మా ఇంట్లో ఇంకో రకంగా ఉండేది. పండగకి ముందే నాన్న సురేకారం, గంధకం ఎండబెట్టేవాడు, జిల్లేడు కట్టె కాల్చి బొగ్గు చేసి నాయనమ్మ చీరముక్కలో జల్లించేవాడు, నూరిన మందు కూరి సిసింద్రీలు, మతాబులు చుట్టేవాళ్ళం. పొద్దున్న మినపసున్ని వాసన వంటింట్లోంచి, గంధకం వాసన పెరట్లోంచి, రెండూ నడవలో కలుసుకునేవి. సాయంత్రం దీపాలు పెట్టగానే, ఇంకా చీకటి పడీ పడకుండానే, మేం గోగుపుల్లల దివిటీలు తిప్పడం అయ్యీ అవగానే, తాతయ్య తెల్లపంచె కట్టుకుని రివాల్వరుతో వీధి అరుగు మీదికి వచ్చేవాడు. పిల్లల తుపాకుల్లో వాడే ఎర్ర కాగితం బిళ్ళ ఒకటి తీసుకుని, రాగి టోపీ తొడగాల్సిన చోట ఉమ్మితో అంటించేవాడు. మమ్మల్ని ఒక్కొక్కర్నీ వరసగా పక్కన నిలబెట్టుకుని, మా చిన్నచేతిని తన చేతికింద పెట్టి, గొట్టం ఆకాశంలోకి ఎత్తి మీట నొక్కించేవాడు. ఠప్పుమని బిళ్ళ పేలేది. అంతే. ఆ చిన్న చప్పుడుకి వీధంతా చప్పట్లు కొట్టేది. ఎన్ని లక్ష్మీబాంబులు పేలినా ఆ ఠప్పు లేనిదే మా వీధికి దీపావళి కాదు. ఒక ఏడు మా చిన్నాన్న కొడుకు, నడక వచ్చి ఎన్నాళ్ళో కాని వాడు, గొట్టం మూతిలోకి తొంగి చూడబోతే తాతయ్య వాడి నెత్తిన ఒక్కటిచ్చాడు. "ఉత్తదే అయినా సరే, మనిషి వైపు తిప్పకూడదు. మా నాన్న చెప్పాడు" అన్నాడు.

దానికి లైసెన్సు ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీస్‌స్టేషన్లో అప్పజెప్పి రావాలి. తువ్వాలు మూటతో తాతయ్య బయలుదేరితే నేను వెంటపడేదాన్ని. అక్కడ ఆయన శిష్యుడొకాయన హెడ్‌కానిస్టేబులు. మూట తీసుకునేముందు "మేష్టారూ, కథ ఒక్కసారి చెప్పండి, కొత్తవాళ్ళొచ్చారు" అని బెంచీ చూపించేవాడు. ఎలక్షన్లు ఎన్నిసార్లు వస్తే స్టేషన్లో అన్నిసార్లు దొంగలు పారిపోయేవారు.

ఇదంతా ఇలాగే సాగిపోయేదేమోగానీ మా రాజ్యం అత్తకి ప్రశ్నలు ఎక్కువ. తాతయ్యకి ఒక్కతే కూతురు. నందిగామలో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది, శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేది, పెళ్ళి చేసుకోనంది, చేసుకోలేదు. వసారాలో కథ జరుగుతుంటే స్తంభానికి ఆనుకుని వినేది. అందరూ దొంగల గురించి అడిగితే అత్త, దొర పేరేంటని అడిగేది. ఏ ఊరు తయారీ, ఎవరు చెక్కారు, లేడికి కొమ్ములున్నాయి కదా ఆ రకం లేడి మన దేశంలో ఉందా, ఇవన్నీ ఆవిడ ప్రశ్నలు. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, గొట్టం మీద అరిగిపోయిన అక్షరాల మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అవి కాగితం మీద తేలడం చూపించింది ఆవిడే. అలా తేలిన రెండు మూడు అక్షరాలకి మేమిద్దరం ఒక వేసవంతా ఎన్నెన్నో పేర్లు కల్పించుకున్నాం.

ఇంగ్లీషు పేపర్లో ఒకసారి పాత ఆయుధాలు సేకరించేవాళ్ళ ప్రకటన కనిపిస్తే, అమ్మాలని కాదు, తెలుసుకోవాలని, ఫోటోలు తీయించి పంపింది. హైదరాబాదు నుంచి మీర్జా గారని ఒకాయన, రిటైరైన కళ్ళ డాక్టరు, వెంటనే జవాబిచ్చాడు. చక్రం మీద వేట బొమ్మ ముద్ర కొట్టింది కాదనీ, చేత్తో చెక్కిందనీ, తన జీవితంలో అలాంటిది ఒక్కటే చూశాననీ, అమ్మినా అమ్మకపోయినా ఒక్కసారి వచ్చి కళ్ళారా చూస్తాననీ. అత్త చదివి వినిపిస్తుంటే తాతయ్య మొహం వెలిగిపోయింది. అమ్మే ప్రశ్నే లేదన్నాడు. కానీ రమ్మన్నాడు. ఎందుకు రమ్మన్నాడో నాకు ఆ తర్వాత చాలా ఏళ్ళకి అర్థమైంది. తన మాట నమ్మేవాళ్ళు ఊరంతా ఉన్నారు, కానీ తుపాకులు తెలిసినవాడు వచ్చి అవునంటే అది వేరు.

ఆయన వచ్చిన రోజు మా వసారా పెళ్ళివారిల్లులా ఉంది. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇరుగుపొరుగు వాళ్ళకి ముందే చెప్పాడు, హెడ్‌కానిస్టేబులు గారు సెలవు పెట్టి మరీ వచ్చాడు. నాయనమ్మ గారెలు వండింది. మీర్జా గారు సన్నగా, తెల్లగడ్డంతో, ఎంత మెల్లగా మాట్లాడేవాడంటే వినడానికి అందరం ముందుకి వంగాల్సి వచ్చింది. గారెలు తిని, చేతులు కడుక్కుని తుడుచుకుని, తువ్వాలు విప్పగానే కాసేపు దేన్నీ తాకలేదు. పిల్లల కళ్ళు పరీక్ష చేసినట్టు అలా వంగి చూశాడు. భూతద్దం తీసి లేడి దగ్గర ఆపాడు. "మాస్టర్ సాబ్, ఈ పని చేసినోడి చెయ్యి ముద్దు పెట్టుకోవాలె" అన్నాడు.

తాతయ్య కథ చెప్పాడు. నేను విన్న అన్నిసార్లలోకీ ఆ రోజు బాగా చెప్పాడు. ఆరో దొంగ పారిపోయేసరికి మీర్జా గారు కూడా నవ్వి తల ఊపాడు. తర్వాత సంచీలోంచి సన్నటి చెక్కపుల్ల తీసి, ముందువైపు నుంచి గొట్టంలో పెట్టి లోతు చూశాడు. తీసి, బయటివైపు పెట్టి పోల్చాడు. మళ్ళీ పెట్టాడు. ఆయన నవ్వు ఆగిపోవడం ముందుగా చూసింది అత్త. మీర్జా గారు చక్రం ఒక గది తిప్పి పుల్ల పెట్టాడు, ఇంకో గది తిప్పి పెట్టాడు. ఆరూ అయ్యాక రివాల్వరుని ఎవరూ లేని గోడవైపు తిప్పి, చాలా నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"పిల్లల్ని జర లోపలికి పంపండి" అన్నాడు. "దీన్ల మందున్నది. ఆరింటిల ఉన్నది."

ఎవరికీ అర్థం కాలేదు. తాతయ్యే అన్నాడు, "అది మైనమండీ. తుప్పు పట్టకుండా."

"మైనం పైన, మాస్టర్ సాబ్. కింద గుండు. దాని కింద మందు. తడి తగలొద్దని మైనం పెడతరు."

మమ్మల్ని నడవలోకి తోలారు. తలుపు సందులోంచి నేనూ అన్నయ్యా ఒకరి మీద ఒకరం పడి చూశాం. మీర్జా గారు చిన్న మేకు లాంటిది తట్టి గొట్టాన్నీ చక్రాన్నీ విడదీశాడు. చక్రాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, మైనం గీకి, సన్నటి మరమేకు దింపి లాగితే బూడిదరంగు సీసపు గుండు ఒకటి బయటికొచ్చింది. ఒక్కో గదిలో నీళ్ళు పోస్తూ ఐదు తీశాడు. చివరిదాని దగ్గర తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీంట్లో నీళ్ళు పోయకండి. మందు బతికుందో లేదో నాకు చూడాలనుంది."

మీర్జా గారు అత్త వైపు చూశాడు. అత్త తల ఊపింది. ఆయన ఆరో గుండూ లాగి, చిటికెడు నల్లటి పొడిని బట్టలుతికే రాయి మీద పోసి, చక్రం దూరంగా పెడితే, పొడుగాటి వెదురుపుల్ల కొసకి అగరొత్తి కట్టి అత్తే అంటించింది. బుస్సుమని తెల్లటి పొగ మా కొట్టం ఎత్తుకి లేచింది. వెలుగు ఎంత గట్టిగా వచ్చిందంటే మిట్టమధ్యాహ్నం గోడ మీద మనుషుల నీడలు పడ్డాయి. ఆ వెనకే వాసన. మా నాన్న పెరట్లో నూరే మందు వాసనే, అచ్చంగా అదే. పుట్టినప్పటినుంచీ ప్రతి దీపావళికీ పీల్చిన వాసన, ఎవరో మనిషి మా తాతల ముందు కూరి మూసిపెట్టినది, ఇప్పుడు బయటపడి మా పెరట్లో తిరుగుతోంది.

కాగితం బిళ్ళల సంగతి చెప్పింది నాయనమ్మ. ప్రతి ఏడూ పేలుస్తారండీ, మనవల చేత, అంది. మీర్జా గారు చక్రం వెనకవైపు తిప్పి, బిళ్ళ అంటించే చోట సూదిమొనంత రంధ్రాన్ని చూపించాడు. అక్కడి నిప్పురవ్వ ఆ రంధ్రంలోంచి లోపలి మందుకి తగలాలి. ఏళ్ళ తరబడి రాసిన కొబ్బరినూనె గట్టిపడి, ఆరు రంధ్రాలూ పూడుకుపోయి ఉన్నాయి. "పూడకపోతే..." అని ఆయన తలుపు సందులో ఉన్న మా వైపు చూశాడు. తాతయ్య బావి గట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయన చెయ్యి, ప్రతి దీపావళికీ మా చేతుల మీద ఉండే చెయ్యి, మోకాలి మీద వెల్లకిలా పడి ఉంది. నాయనమ్మ వెళ్ళి పక్కన నిలబడి, నలుగురిలో ఎప్పుడూ చెయ్యనిది, ఆ చెయ్యి పట్టుకుంది.

రెండో మాట మీర్జా గారు అత్త అడిగితే గానీ చెప్పలేదు. టార్చి వేసి గొట్టం లోపల చూశాననీ, అది అద్దంలా ఉందనీ, ఆ కాలపు మందు ఒక్కసారి పేలినా కడగకపోతే లోపలంతా తినేసి గుంటలు పెడుతుందనీ చెప్పాడు. "పేల్చినట్టు నాకైతే కనబడ్తలేదు. ఒక్కసారి కూడా." సేకరించేవాళ్ళకి అంతకంటే గొప్ప మాట లేదు, అలాంటిది దొరకనే దొరకదు. ఆయన గొంతులో సంతోషాన్ని ఎంత దాచుకున్నా దాగలేదు. హెడ్‌కానిస్టేబులు గారు చెప్పులు చూసుకుంటున్నాడు. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచారు.

ఆ తర్వాత తాతయ్య మాట్లాడడం తగ్గించేశాడు. మధ్యాహ్నాలు పడక్కుర్చీలోనే ఉండేవాడుగానీ పిల్లలం చేరితే "పోయి ఆడుకోండి" అనేవాడు. ఒకసారి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి నన్ను దగ్గరికి పిలిచి, నా కుడి అరచెయ్యి వెనక్కీ ముందుకీ తిప్పి చూసి పంపేశాడు. నాయనమ్మ ఒక పూట వడ్డిస్తూ ఉండబట్టలేక అంది:

"ఎందుకండీ అంత బెంగ? ఆయన ఎవర్నీ కాల్చలేదంటే మంచిదేగా. మనింటి వస్తువు మూలంగా ఎవరి ప్రాణం పోలేదు. అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోలేదు."

తాతయ్య ఆ వారమే అత్తతో చెప్పి మీర్జా గారికి కబురు పంపాడు. కాగితాలన్నీ సరిచేసుకుని ఆయన మళ్ళీ వచ్చాడు, రివాల్వరుని తీసుకెళ్ళాడు. ఎంత ఇచ్చాడో మాకెవరూ చెప్పలేదు, మేం అడగలేదు. కారు మలుపు తిరిగేదాకా తాతయ్య అరుగు మీద నిలబడి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. ఆ దీపావళికి మా వీధివాళ్ళు కాసేపు మా అరుగు వైపు చూసి, తర్వాత వాళ్ళ వాళ్ళ చిచ్చుబుడ్లు వెలిగించుకున్నారు.

ఆ పైన ఏడాదో రెండేళ్ళో గడిచాక, అత్తకి జ్వరమొస్తే చూడ్డానికి నేనూ తాతయ్యా నందిగామ బస్సెక్కాం. కిటికీ పక్కన నేను, మధ్యలో ఆయన, ఇవతల చిల్లకల్లు దగ్గర ఎక్కిన ఒక పెద్దాయన. ఆయన తాతయ్యని పరకాయించి చూసి, "మీరు పేట తుపాకీ మేష్టారు కదండీ? మీ తాతగారు దొంగల్ని కాల్చిన కథ చెప్పండి, మా నాన్న చెప్తుండేవాడు" అన్నాడు. తాతయ్య లేచి వేరే సీటుకి వెళ్తాడనుకున్నా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"కాల్చలేదండీ" అన్నాడు.

"అదేంటండీ?"

"ఆరు గుళ్ళూ దాంట్లోనే ఉన్నాయి. నా కళ్ళతో చూశా. దొంగలు అసలు వచ్చారో లేదో నాకు తెలీదు. మా నాన్న చెప్పాడు, నేను చెప్పా. చెప్పినకొద్దీ నాకే నిజమైపోయింది."

అప్పుడు తాతయ్య అడక్కుండానే మిగతాది చెప్పడం మొదలుపెట్టాడు. మైనం సంగతి, చెక్కపుల్ల సంగతి, పెరట్లో లేచిన పొగ. కాగితం బిళ్ళల దగ్గరికి వచ్చేసరికి నా తల మీద చెయ్యి వేసి, "ఇదిగో, ఈ పిల్ల చేత కూడా పేల్పించా. ఇది నా పక్కనే నిలబడేదండీ" అన్నాడు. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగారు. కండక్టరు టిక్కెట్లు ఆపి రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. దొంగలు లేరు, తలపాగాలు ఎగరలేదు, బండి మీద ఎవరూ నిలబడలేదు. అయినా బస్సంతా వింది. నందిగామలో దిగేటప్పుడు ఆ పెద్దాయన తాతయ్య రెండు చేతులూ పట్టుకుని, "ఏదో దేవుడు చూశాడండీ" అన్నాడు. స్టాండు బయట తాతయ్య నాకు చెరుకురసం ఇప్పించి, తనూ ఒక గ్లాసు తాగి, చాలా రోజుల తర్వాత మీసాల్లో నవ్వాడు. ఆ తర్వాత చివరిదాకా ఆ కథే చెప్పాడు, ఒక్క అంకె కూడా పెంచకుండా.

ఇప్పుడు తాతయ్యా లేడు, నాయనమ్మా లేదు. ఇల్లు అమ్మేశాక కొన్నవాళ్ళు పడగొట్టి టైర్ల షాపు కట్టారు, వసారా ఉన్నచోట లారీ టైర్లు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. మీర్జా గారు పోయాక ఆయన సేకరణ ఎటుపోయిందో తెలీదు. మతాబులు ఇంట్లో చుట్టేవాళ్ళు లేరు, సురేకారం ఏ కొట్లో అడిగినా ఎగాదిగా చూస్తారు. కథ వినడానికి మధ్యాహ్నం పూట ఖాళీగా కూర్చునే పిల్లలూ లేరు, నా పిల్లలతో సహా.

అన్నయ్య ఫోటో వచ్చిన మర్నాడు రాజ్యం అత్తని చూడ్డానికి నందిగామ వెళ్ళా. అత్తకి డెబ్భై దాటాయి, మోకాళ్ళు సహకరించవు, ప్రశ్నలు మాత్రం తగ్గలేదు. ఒకసారి మునేరు చూసొద్దామంటే కారులో పెనుగంచిప్రోలు తీసుకెళ్ళా. ఎడ్లబళ్ళు దాటిన రేవు ఎక్కడో ఇప్పుడు ఎవరికీ తెలీదు. ఇసక తవ్వుకుపోయి ఏరంతా గుంతలు గుంతలుగా ఉంది, గుంతల్లో నీళ్ళు, నీళ్ళలో గేదెలు. వంతెన పక్కన కారాపి అద్దం దించా.

"నాకు తెలుసుకోవాలని ఉన్నది ఒక్కటేనే" అంది. "అన్ని గదుల్లో అంత శ్రద్ధగా మందు కూరి, తడి తగలకుండా మైనం పెట్టుకున్నాడే, కోటయ్యో ఆ దొరో ఎవరైనా గానీ, ఆయనకి దేనికి అంత భయం?"

"దొంగలకేనేమో" అన్నా.

"ఏదైనా గానీలే, పాపం, అది రాలేదు" అంది అత్త.

ఎండ ఏటి మీంచి జారిపోతోంది. అద్దం పైకెత్తి, బయలుదేరాం.